లక్నవరం బ్రిడ్జి మీదికి అమ్మను తీసుకెళ్లొచ్చా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. హైదరాబాద్ నుంచి ఇద్దరు పిల్లల్ని, మోకాళ్ల నొప్పులున్న అరవై ఎనిమిదేళ్ల అమ్మను తీసుకుని, ములుగు దగ్గరున్న లక్నవరం చెరువు మీది వేలాడే వంతెన చూడ్డానికి వద్దామనుకుంటున్నారు. గుజరాత్‌లో మోర్బీ వంతెన తెగిన వార్త టీవీలో చూసినప్పటి నుంచి అమ్మకు వేలాడే వంతెనలంటే గుబులు. పోయినసారి కరీంనగర్ తీగల వంతెన మీద నడిస్తే అది కదల్లేదు. లక్నవరం వీడియోల్లో మాత్రం వంతెన ఊగుతూ కనిపిస్తోంది. అంటే అది బలహీనంగా ఉన్నట్టేనా అని అడిగారు.

సమాధానం ముందే చెప్పేస్తాను. తీసుకురండి. కానీ ఆదివారం వద్దు, పండగ సెలవుల్లో అసలే వద్దు, పొద్దున్నే రండి. ఊగడం ఆ వంతెన గుణం. మీరు చూసుకోవాల్సిందల్లా మీతోపాటు దాని మీద ఎంతమంది ఎక్కారు, ఎక్కినవాళ్లు ఏం చేస్తున్నారు అన్నదే.

నేను ఇంజినీర్ని కాను. ముప్పై ఏళ్లకు పైగా బొగ్గు బాయిలో పనిచేశాను. మొదట గోదావరిఖనిలో, తర్వాత భూపాలపల్లిలో. ఫిట్టర్‌గా చేరి ఫోర్‌మన్‌గా రిటైరయ్యాను. నా చేతుల మీదుగా పోయినవి ఎక్కువగా ఇనుప రోప్‌లే. ఇంక్లైన్‌లో, అంటే బాయిలోకి దిగే ఏటవాలు దారిలో, బొగ్గు టబ్బులు లాగే రోప్ తెగితే కింద ఉన్నవాళ్ల గతేమిటో ఆ పనిలో ఉన్న ప్రతివాడికీ తెలుసు. అందుకే షిఫ్టు మొదట్లో రోప్ చూడకుండా ఎవరం పని మొదలుపెట్టేవాళ్లం కాదు. వేలాడే వంతెన కూడా రోప్‌ల మీద బతికేదే కాబట్టి దాన్ని చూస్తే నా కళ్లు అటే పోతాయి. ఇప్పుడు హనుమకొండలో ఉంటున్నాను. ఇంటికి చుట్టాలొచ్చిన ప్రతిసారీ లక్నవరం, రామప్ప తిప్పి చూపించేది నేనే.

ముందు కరీంనగర్ సంగతి. మనవాళ్లు రెండింటినీ తీగల వంతెన అనే అంటారు గానీ రెండూ పనిచేసే తీరు వేరు. మానేరు మీద 2023లో తెరిచిన వంతెనలో ఎత్తైన స్తంభాల నుంచి తీగలు వాలుగా, తిన్నగా దిగి రోడ్డును పట్టుకుంటాయి. ఒక్కో తీగ రోడ్డులో ఒక్కో చోటును నేరుగా స్తంభానికి కట్టేస్తుంది. బండ్లు పోవడానికి కట్టిన రోడ్డు అది, బరువు ఎక్కువ. మీ నలుగురి నడకకు అది చలించదు. హైదరాబాద్‌లో దుర్గం చెరువు మీద ఉన్నదీ ఆ జాతిదే.

లక్నవరంలో ఉన్నది వేరు. అటూ ఇటూ టవర్లు, వాటి తలల మీదుగా ఒడ్డు నుంచి ఒడ్డుకు వంపు తిరిగి వేలాడే ప్రధాన రోప్‌లు. ఆ రోప్‌ల నుంచి వరసగా నిలువు కడ్డీలు కిందికి దిగి మనం నడిచే దారిని మోస్తుంటాయి. టవర్లు దాటాక రోప్‌లు నేల వైపు దిగి పెద్ద దిమ్మెలకు లంగరు వేసి ఉంటాయి. అంటే మీ కాళ్ల కింద ఉన్న దారి నిజానికి ఒక ఉయ్యాల. మనుషులకు మాత్రమే కట్టింది కాబట్టి తేలిక. తేలిక కాబట్టి మీ అడుగు బరువు దానికి తెలుస్తుంది, కదులుతుంది. సుమారు 160 మీటర్ల పొడవున్న ఉయ్యాల కదలకుండా ఉంటేనే నాకు అనుమానం వస్తుంది.

"మరి రోప్‌లు ఇంకా బిగించి కడితే ఊగదు కదా?" అని మా అల్లుడు అడిగాడు. ఈ ప్రశ్న చాలామందికి వస్తుంది, మీ పెద్దబాబుకూ రావచ్చు. మేడ మీద దండెం గుర్తు తెచ్చుకోండి. తాడును వీణ తీగలా బిగించి కట్టి దాని మీద తడి దుప్పటి ఆరేస్తే ఏమవుతుంది? మేకు ఊడి వస్తుంది, లేదా తాడు తెగుతుంది. అదే తాడును కొంచెం వదులుగా, నడుమ కిందికి దిగేలా కడితే అదే దుప్పటిని హాయిగా మోస్తుంది. దుప్పటి బరువు మారలేదు, మారింది తాడు వంపు ఒక్కటే.

దీనికి లెక్క ఉంది, కష్టమైనదేం కాదు. వంద మీటర్ల వంతెన అనుకోండి. వంతెన సొంత బరువు, దాని మీది మనుషులు కలిపి మీటరుకు 300 కిలోలు అనుకుందాం. మొత్తం 30 టన్నులు. రోప్ నడుమ 10 మీటర్లు కిందికి వంగితే చివర్లలో అడ్డంగా లాగే బలం ఎంతో తెలియాలంటే మొత్తం బరువును పొడవుతో గుణించి, వంపుకు ఎనిమిది రెట్లతో భాగించాలి. 30ని 100తో గుణించి 80తో భాగిస్తే 37.5 టన్నులు. అదే రోప్‌ను బిగించి వంపు 5 మీటర్లకు తెచ్చారనుకోండి, లాగుడు 75 టన్నులవుతుంది. మనుషులు వాళ్లే, వంతెన అదే, లంగరు దిమ్మె మీద లాగుడు మాత్రం రెట్టింపు. అందుకే కట్టేవాళ్లు వంపును కావాలనే వదులుతారు. ఆ వంపు ఉన్నంతకాలం కొంత ఊగడం తప్పదు.

ఊగడంలోనూ రెండు రకాలున్నాయి. పైకీ కిందికీ తేలినట్టు ఉండేది ఒకటి, పక్కలకు జరిగేది ఇంకోటి. మామూలు నడకలో మనం సెకనుకు సుమారు రెండు అడుగులు వేస్తాం. ప్రతి అడుగూ కిందికి తోస్తుంది, దాంతోపాటు కుడి కాలు ఒకవైపుకు, ఎడమ కాలు ఇంకోవైపుకు కొద్దిగా తోస్తాయి. అంటే పక్కకు తోసే లయ సెకనుకు ఒక్కటి. వంతెన తనంతట తాను ఊగే లయ దీనికి దగ్గరగా ఉంటే కదలిక పెరుగుతుంది. పిల్లవాడి ఉయ్యాలను సరైన సమయానికి చిటికెన వేలితో తోసినా పైపైకి పోతుంది చూడండి, అలాగే.

ఇందులో ఇంకో తిరకాసు ఉంది. కాళ్ల కింద నేల పక్కకు జరిగితే మనకు తెలియకుండానే కాళ్లు ఎడం చేసి ఆ జరుగుడుకు తగ్గట్టు నడుస్తాం. అందరూ అలా నడిస్తే అందరి అడుగులూ ఒక్కటైపోతాయి. లండన్‌లో థేమ్స్ నది మీద మిలీనియం బ్రిడ్జి అని నడక వంతెన ఒకటి ఉంది. 2000 జూన్ 10న తెరిచారు. జనం వరద కట్టినట్టు వచ్చారు. వంతెన పక్కలకు ఎంతగా ఊగిందంటే రెండు రోజుల్లో మూసేయాల్సి వచ్చింది. కదలికను మింగే డ్యాంపర్లు అమర్చి 2002లో మళ్లీ తెరిచారు. ఎవరికీ ఏమీ కాలేదు, వంతెన విరగలేదు. కానీ అంత పెద్ద ఇంజినీర్లు కట్టిన కొత్త వంతెనను కూడా, ఏ దురుద్దేశమూ లేకుండా ఊరికే నడిచిన జనమే ఊపేశారు. ఇక కావాలని ఊపితే ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి. వంతెన నడిమధ్యలో నిలబడి పదిమంది కుర్రాళ్లు "ఒకటి, రెండు, మూడు" అని ఒకేసారి ఎగరడం నేను కళ్లారా చూశాను. అలాంటి గుంపు కనిపిస్తే మీరు ఎక్కొద్దు. ఎక్కేసి ఉంటే అక్కడే ఆగి, "తమ్మీ, పెద్దమ్మ ఉంది, ఆపుండ్రి" అని గట్టిగా ఒక్క మాట అనండి. చాలాసార్లు ఆపుతారు, పిల్లలకు తెలియక చేసే పనే అది.

ఇప్పుడు మోర్బీ. అమ్మ భయం ఉత్తది కాదు, దాన్ని కొట్టిపారేయకండి. గుజరాత్‌లో మచ్ఛు నది మీద నూరేళ్లు దాటిన వేలాడే వంతెన అది. బాగుచేయడానికి నెలల తరబడి మూసి 2022 అక్టోబర్ 26న తెరిచారు. నాలుగు రోజులకే, 30న సాయంత్రం, తెగిపోయింది. 135 మంది పోయారు, పిల్లలు ఎంతోమంది. తర్వాత జరిగిన విచారణలో తేలిన విషయాలు పేపర్లలో చదువుతుంటే నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు, ఎందుకంటే అందులో ప్రతి ఒక్కటీ బాయిలో మాకు మొదటి ఏడాదే నేర్పిన పాఠం. తెగిన ప్రధాన రోప్‌లో 49 తీగలున్నాయి, ఏడేసి తీగలు పేనిన ఏడు పాయలు. వాటిలో 22 తీగలు అప్పటికే తుప్పు తిని ఉన్నాయి. బాగుచేసేటప్పుడు ప్రధాన రోప్ మార్చలేదు. కింద దారి మాత్రం మార్చారు. పాత చెక్కలు తీసి అల్యూమినియం పలకలు వేయడంతో వంతెన సొంత బరువు పెరిగింది. బరువు పెట్టి పరీక్షించకుండానే తెరిచారు. ఆ రోజు మూడు వేలకు పైగా టికెట్లు అమ్మారు, ఒకేసారి ఎంతమందిని పంపాలన్న లెక్క లేదు. కుళ్లిన రోప్, పెరిగిన బరువు, లెక్కలేని జనం, మూడూ ఒక్కచోట కలిశాయి. వంతెన ఊగినందువల్ల వాళ్లు పోలేదు.

మనుషులను దించే రోప్ అయితే బాయి చట్టం ప్రకారం ఆరు నెలలకోసారి దాని చివర కోసేసి కొత్తగా కట్టాలి. చూడ్డానికి బాగానే ఉన్నా సరే. ఎందుకంటే రోప్ నడుమ పాడైతే కంటికి కనిపిస్తుంది. క్లాంపుల లోపల, బిగింపు లోపల దాక్కున్న చివర పాడైతే కనిపించదు. నీళ్లు అక్కడే నిలుస్తాయి, తుప్పు అక్కడే మొదలవుతుంది. మా దగ్గర పాత ఫిట్టర్ ఒకాయన రోప్ చూసే తీరు ఇప్పటికీ కళ్ల ముందుంది. పాత నూలు గుడ్డ ఒకటి రోప్ చుట్టూ మడిచి, పిడికిట పట్టుకుని, రోప్‌ను చాలా నెమ్మదిగా నడిపించేవాడు. ఎక్కడైనా ఒక తీగ తెగి ముల్లులా లేచి ఉంటే గుడ్డ దారం దానికి చిక్కుకుని ఆగేది. వెంటనే ఆపి, సుద్దతో గీత గీసి, ఎన్ని తెగాయో లెక్కపెట్టేవాడు. తర్వాత పాయల మధ్య సందుల్లో గోరు పెట్టి గీకి చూసేవాడు. నల్లగా గ్రీజు అంటితే "మంచిగుంది" అని ముందుకు పోయేవాడు. ఎర్రటి పొడి రాలితే ఫోర్‌మన్‌ను పిలిచేవాడు. ఎర్రపొడి అంటే లోపల తీగలు ఒకదాన్నొకటి రాసుకుని అరుగుతున్నాయని, గ్రీజు ఎండిపోయిందని అర్థం.

మీరు గుడ్డ పట్టుకుని వంతెన పరీక్షించాలని చెప్పడం లేదు. కానీ ఏ వేలాడే వంతెన దగ్గరికి పోయినా, ఎక్కే ముందు రెండు నిమిషాలు ఒడ్డున నిలబడి చూడొచ్చు. రోప్ నేలను చేరే చోటుకు పోండి. అక్కడ మట్టి, ఆకులు కుప్పపడి రోప్ చివర పూడిపోయి ఉందా, లేక శుభ్రంగా, గ్రీజు పూసి, పెయింట్ వేసి ఉందా? దిమ్మెకు పగుళ్లున్నాయా? రోప్ మడతకు యూ ఆకారం క్లాంపులు వాడి ఉంటే అన్నీ ఒకేవైపు తిరిగి ఉన్నాయా? ఈ క్లాంపుకు ఒకవైపు రోప్ కూర్చునే వెడల్పాటి జీను ఉంటుంది, ఇంకోవైపు వంచిన బోల్టు ఉంటుంది. బరువు మోసే రోప్ మీద జీను రావాలి, తిరిగి మడిచిన కొస మీద బోల్టు రావాలి. తలకిందులుగా బిగిస్తే ఆ బోల్టు బరువు మోసే రోప్‌నే నలిపేస్తుంది. వేరే రాష్ట్రంలో యాత్రకు పోయినప్పుడు ఒక చిన్న వంతెన దగ్గర క్లాంపులు ఒకటి ఇటు, ఒకటి అటు బిగించి ఉండటం చూశాను. అక్కడున్న కాపలా మనిషికి చెప్పాను. "ఎన్నేళ్ల నుంచో అట్లనే ఉంది" అన్నాడు. మేం ఎక్కకుండా వెనక్కి వచ్చాం. ఆ ఒక్క మాట నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది. ఇన్నేళ్లు ఏమీ కాలేదంటే ఇక కాదని కాదు, రోప్ రోజురోజుకూ అరుగుతూనే ఉంటుంది.

నిలువు కడ్డీలను ఒకసారి వరసగా చూడండి. అన్నీ బిగుతుగా ఉండాలి. ఒకటి వదులుగా వేలాడుతోందంటే దాని బరువు పక్కవాటి మీద పడుతోందని. నడిచే దారిలో పలకలు టకటకమంటూ లేస్తుంటే బోల్టులు వదులయ్యాయని. ఇలాంటివి కనిపిస్తే అక్కడి సిబ్బందికి చెప్పండి, ఫోన్‌లో ఫొటో తీసి చూపించండి. మనం ఊరికే రీల్స్ కోసం ఎన్ని ఫొటోలు తీయడం లేదు!

గుంపు గురించి ఇంకొక్క అంకె. మన దేశంలో వంతెనల మీద కాలిదారికి జనం కిక్కిరిసే అవకాశం ఉంటే చదరపు మీటరుకు 500 కిలోల బరువు లెక్కలోకి తీసుకోవాలని రోడ్ల నిబంధనలు చెప్తాయి. అంటే మీటరు పొడవు మీటరు వెడల్పు చోటులో ఎనిమిది మంది. మేడారం జాతరలో గద్దెల దగ్గర నిలబడ్డవాళ్లకు ఆ ఒత్తిడి ఎలా ఉంటుందో తెలుస్తుంది. వంతెన మీద అంత కిక్కిరిస్తే వంతెనకు ఏమీ కాకపోయినా మీకు కష్టమే, ఒకరు భయపడి వెనక్కి తిరిగితే తోపులాట మొదలవుతుంది. అందుకే నా సొంత లెక్క చెప్తాను. ముందు నడిచే మనిషికీ నాకూ మధ్య రెండు మూడు అడుగుల ఖాళీ నేల కనిపించాలి. కనిపించకపోతే ఒడ్డున కూర్చుని పావుగంట ఆగుతాను.

అమ్మకు ఇంకో మాట చెప్పండి, ధైర్యం రావచ్చు. ఇలాంటి వంతెనలు సరదా కోసం పుట్టినవి కావు. వాన పడితే వాగు పొంగి బయటి ప్రపంచంతో తెగిపోయే ఊళ్ల కోసం పుట్టాయి. కర్ణాటకలోని సుళ్య నుంచి గిరీష్ భరద్వాజ్ అనే ఇంజినీరు 1989లో పయస్విని నది మీద మొదటి నడక వంతెన కట్టారు. తర్వాత మారుమూల ఊళ్లకు అలాంటివి వందకు పైగా కట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆ వంతెనల మీద బడిపిల్లలు, గడ్డిమోపులు ఎత్తుకున్న ఆడవాళ్లు, మంచానపడ్డ రోగులను మోసేవాళ్లు రోజూ నడుస్తారు. మన ములుగు అడవుల్లో వానాకాలం వాగులు ఎలా ఉంటాయో చూసినవాళ్లకు దీని విలువ చెప్పనక్కర్లేదు.

ఇక నడిచే పద్ధతి. మా అత్తమ్మను మొదటిసారి తీసుకెళ్లినప్పుడు నేను తప్పు చేశాను. ఆమె రెండు చేతులూ ఇద్దరం పట్టుకుని నడిపించాం. పది గజాలు పోగానే ఆమె "నాకు కండ్లు తిరుగుతున్నయి బిడ్డా" అని కూలబడింది. తప్పెక్కడంటే, మేమిద్దరం ఒక్కో తీరుగా ఊగుతుంటే ఆమెను చెరోవైపు లాగినట్టయింది. కాసేపు కూర్చోబెట్టి, నీళ్లు తాగించి, మళ్లీ లేపాం. ఈసారి ఆమె కుడిచేయి పక్కనున్న రోప్ మీద వదులుగా వేయమన్నాను. పట్టుకోవడం కాదు, జారేలా ఆనించడం. నేను ముందు నడిచాను, మా ఆవిడ వెనక. ఆమె చూపు నా వీపు మీద ఉండాలన్నాను, కాళ్ల మీద, నీళ్ల మీద వద్దన్నాను. మోకాళ్లు కొంచెం వంచి, చిన్న అడుగులు, ఎవరి లయలో వాళ్లం. దీవి చేరాక ఆమె వెనక్కి తిరిగి చూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "పొలంల ఒడ్డు మీద నడిచినట్టే ఉంది, వానకు మెత్తగైన ఒడ్డు" అంది. అంతకంటే బాగా నేను చెప్పలేను. మీ అమ్మ పల్లెలో పుట్టి ఉంటే ఇదే మాట చెప్పి చూడండి.

మోకాళ్ల నొప్పులున్నాయన్నారు కదా, నడుము బెల్టో మోకాలి పట్టీయో ఉంటే వేసుకోమనండి. పలచటి రబ్బరు చెప్పులు వద్దు, వెనక పట్టీ ఉన్నవి మంచివి. చిన్నబాబు చేయి మాత్రం మీరే పట్టుకోండి. పరుగెత్తనివ్వకండి. పడతాడని కాదు, వాడు పరుగెత్తితే వెనక నడిచే ముసలివాళ్లకు కుదుపు తెలుస్తుంది.

అక్కడ ఈ వంతెనే ఎందుకు కట్టారో చెరువును చూస్తే అర్థమవుతుంది. లక్నవరం కాకతీయుల కాలపు చెరువు, 13వ శతాబ్దం నాటిది. చుట్టూ గుట్టలే. గుట్టల మధ్య మూడు ఇరుకు సందులుంటే, ఆ మూడింటికీ చిన్న చిన్న కట్టలు వేసి మూశారు. మిగతా కట్ట పని అంతా గుట్టలే చేస్తున్నాయి. ఏడు వందల ఏళ్లుగా ఆ కట్టల కింద గోవిందరావుపేట పొలాలు పారుతున్నాయి. చెరువులో మునగకుండా మిగిలిన గుట్టల తలలే ఇప్పుడు మనం చూసే దీవులు, పదమూడు దాకా ఉన్నాయంటారు. వానలకు చెరువు నిండి మత్తడి దుంకితే ఒక ఎత్తు, యాసంగి పారకం అయ్యాక ఎండాకాలంలో ఇంకో ఎత్తు. నీళ్లలో స్తంభాలు నాటకుండా, ఒడ్డు గుట్టను, దీవి గుట్టను పట్టుకుని మధ్యలో వేలాడదీస్తే నీళ్లు ఎంత పెరిగినా తగ్గినా బాధ లేదు. తర్వాత ఇంకో దీవికి కూడా ఇలాంటి వంతెనే కట్టారు. చాలామంది వంతెన మీద ఫొటోలు దిగి తిరిగి వెళ్లిపోతారు. మీరు మాత్రం పిల్లలకు కట్ట, తూము చూపించండి. ఆ తూము నుంచి నీళ్లు పొలంలోకి పోయే కాలువ వెంట ఒక వంద అడుగులు నడిపించండి. నాకు ఆ చెరువులో అన్నిటికంటే ఇష్టమైన చోటు అదే.

ప్రయాణం సంగతి క్లుప్తంగా. హనుమకొండ నుంచి సుమారు 75 కిలోమీటర్లు. ములుగు దారిలో జాకారం దగ్గర గట్టమ్మ తల్లి గుడి వస్తుంది, అందరూ ఆగి కొబ్బరికాయ కొట్టి పోతారు. ములుగు దాటి చల్వాయి దగ్గర కుడివైపు తిరగాలి, బుస్సాపూర్ మీదుగా చెరువు. హైదరాబాద్ నుంచి ఒకే రోజులో వచ్చిపోవడం అమ్మకు అలసట. ముందురోజు సాయంత్రం హనుమకొండలో ఆగి, పొద్దున ఆరింటికి బయల్దేరితే ఎనిమిదింటికల్లా చెరువు దగ్గర ఉంటారు. ఆ వేళ గాలి తక్కువ, జనం తక్కువ, ఎండ ముఖం మీద పడదు. నవంబర్ నుంచి జనవరి దాకా బాగుంటుంది, చెరువులో నీళ్లు కూడా ఉంటాయి. కార్తీకమాసంలో ఆదివారాలు వనభోజనాల జనం ఉంటారు, బతుకమ్మ, దసరా సెలవుల్లో సరేసరి. రెండేళ్లకోసారి మాఘమాసంలో మేడారం జాతర వచ్చినప్పుడు ఆ రోడ్డే మేడారం రోడ్డు. అప్పుడు లక్నవరం ఆలోచనే పెట్టుకోకండి. గాలివాన, ఉరుములు ఉంటే వంతెన మీదికి ఎవరూ పోకూడదు, ఇందులో మినహాయింపు లేదు. పడవ ఎక్కితే లైఫ్ జాకెట్ బకిల్ పెట్టించుకోండి, ఊరికే భుజాన వేసుకుంటే పనికిరాదు. కోతులుంటాయి, తినుబండారాల సంచి చేతిలో కనిపించనివ్వకండి.

తిరుగుదారిలో రామప్ప తప్పకుండా చూడండి, పాలంపేటలో. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించాడు, 2021లో యునెస్కో జాబితాలో చేరింది. గర్భగుడి మీది శిఖరానికి నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలు వాడారు. పైన బరువు తగ్గితే కింద పునాదికి కష్టం తగ్గుతుందన్న బుద్ధి ఆ కాలపు పనివాళ్లకు ఉంది. మోర్బీలో పలకలు మార్చినవాళ్లకు అదే లోపించింది. పెద్దబాబుకు ఆ ఇటుకల సంగతి చెప్తే గుడిని వేరే కళ్లతో చూస్తాడు.

అమ్మ వంతెన దగ్గరికి వచ్చాక కూడా వద్దంటే బలవంతం చేయకండి. ఒడ్డున నీడలో కుర్చీ వేసి కూర్చోబెట్టండి, ఒకరు తోడుండండి, మిగతావాళ్లు వెళ్లి రండి. మీరు తిరిగొస్తుంటే చూసి తానే లేచి వస్తానన్నా అనొచ్చు, మా ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లు అలాగే వచ్చారు. పిల్లలు రోప్ ముట్టుకుంటామంటే ముట్టుకోనివ్వండి. చేతికి నల్లగా అంటితే కోప్పడకండి, అది గ్రీజు, అక్కడ ఉండాల్సిందే. సబ్బుకు పోదు. రెండు చుక్కల కొబ్బరినూనె రాసి పాత గుడ్డతో తుడిస్తే పోతుంది, కారులో చిన్న సీసా పెట్టుకోండి.